బీటా బ్లాకర్ మొదలుపెట్టాక మొదటి నెల: ఏది సర్దుకుంటుంది, ఏది ఉండిపోతుంది, ఏది మందు వల్ల కానే కాదు

మా నాన్నకి గుండె దడ, దాంతో పాటు బీపీ కూడా ఉందని మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ రాశారు. నాలుగో రోజు పొద్దున మెట్లెక్కి పైకొచ్చి, ఆఖరి మెట్టు మీద ఆగి, రెయిలింగ్ పట్టుకుని, "మాత్ర వేసుకోకముందే నయంరా, ఇప్పుడు కాళ్ళకి ఇసుక బస్తాలు కట్టినట్టుంది" అన్నారు. చేతికున్న వాచీలో గుండె వేగం 84. అవే మెట్లు ఎక్కితే పోయిన నెల 118 చూపించింది. ఆయన లెక్కలో జబ్బు ముదిరింది. డాక్టర్ లెక్కలో మందు పని చేస్తోంది. ఇద్దరూ చూస్తున్నది ఒకటే అంకె.

ఈ మందుల విషయంలో జనానికి కలిగే అయోమయం దాదాపు అంతా ఇలాంటిదే. మాత్ర డబ్బాలో ఉన్న కాగితంలో నీరసం, కళ్ళు తిరగడం, చేతులు చల్లబడడం, పీడకలలు, ఆయాసం అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వాటిలో కొన్ని రెండు మూడు వారాల్లో పోతాయి, కొన్ని మందు వాడినన్నాళ్ళూ ఉంటాయి, కొన్నిటికి మందుతో పెద్ద సంబంధమే ఉండదు, ఒకటి రెండు మాత్రం అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాల్సినవి. ఏది ఏ రకమో ఆ కాగితం చెప్పదు.

అసలు ఈ 'బీటా' ఏంటి, దేన్ని ఆపుతారు

భయపడినా, పరిగెత్తినా, ఎవరితోనైనా గట్టిగా గొడవపడినా ఒంట్లో అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ పెరుగుతాయి. ఇవి కణాల మీద వీటి కబురు అందుకునే రిసెప్టర్లకి అతుక్కుంటేనే పని జరుగుతుంది. ఆ రిసెప్టర్లు రెండు రకాలని, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టి 1948లో చెప్పింది రేమండ్ ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ ఫార్మకాలజిస్ట్. అప్పట్లో ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పదేళ్ళు దాటాక స్కాట్లాండ్‌కి చెందిన జేమ్స్ బ్లాక్ దాన్ని పట్టుకున్నాడు. గుండెకి రక్తం, ఆక్సిజన్ చాలక ఛాతీనొప్పి వస్తుంటే అందరూ సరఫరా పెంచే మందు కోసం వెతుకుతున్న రోజులవి. ఈయన మాత్రం తిరగేసి ఆలోచించాడు, గుండెకి అసలు అవసరమే తగ్గిస్తే పోలా అని. అలా 1960ల్లో ప్రొప్రనలాల్ వచ్చింది. 1988లో ఆయనకి ఇచ్చిన నోబెల్ బహుమతి వెనక ఉన్న పనుల్లో ఇదొకటి.

బీటా బ్లాకర్ చేసేది సీటు మీద తువ్వాలు వేయడం లాంటి పని. రిసెప్టర్‌లో తను ముందే కూర్చుంటుంది, అడ్రినలిన్ వచ్చినా చోటు దొరకదు. అడ్రినలిన్ ఉత్పత్తి ఆగదు, దాని మాట చెల్లడం తగ్గుతుంది, అంతే.

బీటాలోనూ మళ్ళీ రకాలున్నాయి. బీటా-1 ముఖ్యంగా గుండెలోనూ కిడ్నీలోనూ ఉంటుంది. గుండెలో వేగాన్ని, బిగువుని పెంచుతుంది, కిడ్నీలో బీపీ పెంచే రెనిన్‌ని వదిలిస్తుంది. బీటా-2 ఊపిరితిత్తుల గొట్టాల్లో, కండరాల రక్తనాళాల్లో ఉంటుంది, వాటిని వదులు చేయడం దాని పని. గుండె కోసం బీటా-1ని ఆపితే చాలు. కానీ ఏ మాత్రా నూటికి నూరు శాతం బీటా-1 దగ్గరే ఆగదు, డోసు పెరిగేకొద్దీ బీటా-2 మీద కూడా చెయ్యి వేస్తుంది. చేతులు చల్లబడడం, ఆయాసం లాంటి ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇక్కడుంది.

నీరసం వెనక ఉన్న చిన్న లెక్క

గుండె నిమిషానికి పంపే రక్తం అంటే, ఒక్కో కొట్టుకి ఎంత తోస్తుందో దాన్ని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో దాంతో గుణించడమే. మనిషిని బట్టి అంకెలు మారతాయి కానీ ఉదాహరణకి ఇలా అనుకుందాం. కూర్చుని ఉన్నప్పుడు వేగం 75, కొట్టుకి 70 మిల్లీలీటర్లు. అంటే నిమిషానికి 5,250 మిల్లీలీటర్లు. మాత్ర మొదలయ్యాక వేగం 58కి దిగింది. కొట్టుకీ కొట్టుకీ మధ్య ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి గుండె ఇంకాస్త నిండుతుంది, కొట్టుకి 80 అనుకుందాం. ఇప్పుడు లెక్క 4,640. అంటే దాదాపు 12 శాతం తగ్గింది. కూర్చున్న మనిషికి ఈ తేడా పెద్దగా తెలియదు.

అదే మెట్లెక్కేటప్పుడు చూడండి. ఇదివరకు 110 వేగం, కొట్టుకి 90, మొత్తం 9,900. ఇప్పుడు 90 వేగం, కొట్టుకి 100, మొత్తం 9,000. కాలి కండరాలు పాత లెక్క ప్రకారం రక్తం అడుగుతున్నాయి, గుండె కొత్త లెక్క ప్రకారం ఇస్తోంది. కాళ్ళకి ఇసుక బస్తాల సంగతి ఇదే. దీనికి తోడు, కొవ్వుని కరిగించి కండరాలకి ఇంధనంగా పంపే పనిలో కూడా అడ్రినలిన్‌కి పాత్ర ఉంది. అది నెమ్మదిస్తే కండరం తొందరగా అలిసిపోతుంది.

కాబట్టి మొదటి వారాల నీరసాన్ని సైడ్ ఎఫెక్ట్ అనడం ఒక రకంగా అన్యాయం. జేమ్స్ బ్లాక్ కావాలని కోరుకున్నది సరిగ్గా ఇదే, గుండె కష్టం తగ్గడం. మనకి అది మెట్ల మీద తెలుస్తుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ కాస్త తగ్గుదల కూడా తట్టుకోలేని గుండె ఉన్నవాళ్ళకి కథ వేరు. అక్కడికి తర్వాత వద్దాం.

'అలవాటైపోతుంది' అంటే ఒంట్లో జరిగేది ఏంటి

"రెండు మూడు వారాలు ఓపిక పట్టండి, అలవాటైపోతుంది" అన్న మాట ఈ మాత్ర వేసుకున్న ప్రతివాళ్ళూ వినే ఉంటారు. చాలామందికి అది ఊరికే సర్దిచెప్పినట్టు అనిపిస్తుంది. దాని వెనక నిజంగానే ఒక ప్రక్రియ ఉంది.

మెడ దగ్గరి రక్తనాళాల్లో ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్ల లాంటివి ఉంటాయి. గుండె పంపే రక్తం ఒక్కసారిగా తగ్గగానే అవి కంగారుపడి చేతుల్లో, కాళ్ళలో రక్తనాళాలని బిగిస్తాయి. ముఖ్యమైన అవయవాలకి రక్తం తగ్గకుండా చూసుకోవాలని వాటి తాపత్రయం. అందుకే మొదటి రోజుల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. గుండె వేగం గంటల్లోనే పడిపోతుంది, బీపీ మాత్రం అనుకున్నంత పడదు, అరచేతులు చల్లగా అవుతాయి. ఆ తర్వాత కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఆ బిగింపు మెల్లగా సడలుతుంది, శరీరం కొత్త అంకెలనే మామూలుగా ఒప్పుకుంటుంది, బీపీ అప్పుడు దిగుతుంది. బీపీ కోసం మాత్ర ఇచ్చి, రెండో రోజే రీడింగ్ చూసి "ఇది పని చేయట్లేదు" అనుకోవడంలో అర్థం లేనిది అందుకే.

మామూలుగా నీరసం, తల తేలిపోవడం, మందకొడితనం ఈ సర్దుబాటుతో పాటు కొన్ని వారాల్లో తగ్గుతాయి. డోసు పెంచిన ప్రతిసారీ అదే తంతు ఇంకోసారి, కాస్త చిన్నగా జరుగుతుంది. మొదటి నెలంతా బాగానే ఉండి, డోసు పెంచిన వారంలో "మళ్ళీ మొదలైంది" అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియక పడేవాళ్ళే.

కొన్ని మాత్రం సర్దుకోవు, వాటి కోసం ఎదురుచూడడం దండగ. గట్టిగా వ్యాయామం చేసినప్పుడు గుండె వేగం ఒక స్థాయి దాటదు, ఆరు నెలల తర్వాతా దాటదు. ఉదాహరణకి 55 ఏళ్ళ మనిషి, 220లోంచి వయసు తీసేసే పాత లెక్క వేసుకుంటే గరిష్ఠ వేగం 165, అందులో 70 శాతం అంటే 115 దాకా నడకలో రావాలనుకుంటాడు. బీటా బ్లాకర్ మీద ఉన్నప్పుడు చెమటలు కారి, మాట తడబడేంత వేగంగా నడిచినా 100 దాటకపోవచ్చు. ఆయన ఫిట్‌నెస్ ఏమీ పోలేదు, కొలిచే టేపు మారిపోయిందంతే. అందుకే ఈ మందు వాడేవాళ్ళ విషయంలో ఫిజియోథెరపిస్టులు పల్స్ అంకె కంటే ఎంత కష్టంగా అనిపిస్తోంది, నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది చూస్తారు.

చల్లటి వేళ్ళు కూడా కొంతమందికి అలాగే ఉండిపోతాయి. ముందునుంచే చలికి వేళ్ళు తెల్లబడే తత్వం ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ.

కళ్ళు తిరిగిన టైము ఏం చెబుతుంది

ఒకామె సంగతి అనుకుందాం. కార్వెడిలాల్ అనే ఇంకో బీటా బ్లాకర్ మొదలుపెట్టింది. పొద్దున ఏడింటికి పరగడుపున మాత్ర, ఎనిమిదిన్నరకి పని మధ్యలో కుర్చీలోంచి లేవగానే కళ్ళు చీకట్లు కమ్మాయి. పదకొండుకల్లా మామూలుగా ఉంది. మర్నాడూ అదే టైముకి అదే పరిస్థితి.

ఇక్కడ గడియారమే సగం సమాధానం చెబుతోంది. కార్వెడిలాల్ రక్తంలో ఎక్కువగా ఉండేది మింగిన గంట రెండు గంటల్లో. పైగా అది బీటాతో పాటు ఆల్ఫాని కూడా ఆపుతుంది, అంటే రక్తనాళాలని నేరుగా వదులు చేస్తుంది, నిలబడగానే బీపీ పడడానికి ఇంకో కారణం అదే. తిండితో పాటు వేసుకుంటే మందు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఆ పడడం తగ్గుతుంది. కార్వెడిలాల్ చీటీ మీద 'భోజనంతో' అని రాయడానికి కారణం ఇదే, కడుపు మంటకీ దీనికీ సంబంధం లేదు.

ఇంకో మనిషికి సాయంత్రం మాత్ర, కళ్ళు తిరిగేది మాత్రం మర్నాడు మధ్యాహ్నం, అదీ కూర్చుని ఉండగా. ఇక్కడ మాత్ర టైముకీ ఇబ్బందికీ పొంతన లేదు. వాడుతున్న వేరే బీపీ మాత్ర, నీళ్ళు సరిగ్గా తాగకపోవడం, షుగర్ పడిపోవడం, లేదా గుండె వేగం మరీ తగ్గిపోయి ఉండడం, ఇవన్నీ వరసలోకి వస్తాయి. అందుకే వారం రోజుల పాటు మాత్ర వేసుకున్న టైము, ఇబ్బంది వచ్చిన టైము, ఆ క్షణంలో బీపీ, పల్స్ రాసిపెట్టుకున్న చిన్న కాగితం డాక్టర్‌కి అరగంట వివరణ కంటే ఎక్కువ పనికొస్తుంది. నాన్న రాసిన కాగితంలో "నీరసం" అని ఏడు రోజులూ ఒకటే మాట ఉంది, టైము లేదు. రెండో వారం నుంచి నేనే రాశాను.

అన్నీ 'లాల్'లే, కానీ ఒకటి కాదు

పేర్లన్నీ 'లాల్' అనో దానికి దగ్గరగానో ముగుస్తాయి కాబట్టి ఒకటి పడకపోతే ఏదీ పడదని అనుకుంటారు. అది సరికాదు.

ప్రొప్రనలాల్ కొవ్వులో కరిగే రకం, మెదడులోకి సులభంగా వెళ్తుంది. బీటా-1, బీటా-2 రెండిటినీ ఆపుతుంది. చేతుల వణుకు, మైగ్రేన్, స్టేజీ భయం లాంటివాటికి వాడడం, నిద్రలో తేడాలు రావడం, రెండూ ఈ గుణాల వల్లే. ఆ వణుకు తగ్గించే గుణం వల్ల షూటింగ్, ఆర్చరీ పోటీల్లో బీటా బ్లాకర్లు నిషేధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు పరీక్షలో ప్రొప్రనలాల్ దొరికినందుకే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు.

అటెనొలాల్ నీటిలో కరిగేది, మెదడులోకి తక్కువగా వెళ్తుంది, బయటికి పోయేది కిడ్నీల ద్వారా. కిడ్నీలు నెమ్మదించిన పెద్దవాళ్ళలో అదే డోసు ఒంట్లో పేరుకుని ఎక్కువైనట్టు పని చేస్తుంది. బైసొప్రొలాల్ బీటా-1 మీద బాగా గురి ఉన్నది. నెబివొలాల్‌కి ఆ గురితో పాటు నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా రక్తనాళాలని వదులు చేసే గుణం కూడా ఉంది.

మెటోప్రొలాల్ సంగతి కొంచెం వింత. దాన్ని లివర్‌లో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ విడగొడుతుంది. కొంతమందికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ సరిగ్గా పని చేయదు. అలాంటివాళ్ళలో అదే 50 మిల్లీగ్రాముల మాత్ర రక్తంలో కొన్ని రెట్లు ఎక్కువ స్థాయికి చేరుతుంది. డిప్రెషన్‌కి వాడే ఫ్లుఒక్సెటిన్, పారొక్సెటిన్ కూడా ఈ ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. ఏళ్ళ తరబడి పారొక్సెటిన్ వాడుతున్న మనిషికి కొత్తగా మెటోప్రొలాల్ మొదలుపెడితే, పక్కింటాయనకి ఏమీ చేయని డోసు ఈయన్ని మంచం మీద పడేయడంలో ఆశ్చర్యం లేదు. "నాకే ఎందుకిలా" అన్న ప్రశ్నకి కొన్నిసార్లు ఇంత నిఖార్సైన జవాబు ఉంటుంది.

అదే మెటోప్రొలాల్ రెండు రూపాల్లో దొరుకుతుంది. టార్ట్రేట్ త్వరగా కరిగేది, సాధారణంగా రోజుకి రెండుసార్లు. సక్సినేట్ రోజంతా నెమ్మదిగా వదిలేది, రోజుకి ఒకసారి. చీటీ మీద టార్ట్రేటా, సక్సినేటా అన్నది చదవకుండా ఒకదాని బదులు ఇంకొకటి తీసుకుంటే ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

కలలు, నిద్ర, మెలటోనిన్

"రాత్రంతా సినిమా చూసినట్టు కలలు" అనేది ఈ మందు మీద ఉన్నవాళ్ళు చెప్పే ఫిర్యాదుల్లో అన్నిటికంటే విచిత్రమైనది, చాలామంది చెప్పడానికి సిగ్గుపడేది కూడా. ఇది ఊహ కాదు. రాత్రిపూట మెదడులోని పీనియల్ గ్రంథి, నిద్రకి సాయపడే మెలటోనిన్ హార్మోన్‌ని విడుదల చేయాలంటే బీటా రిసెప్టర్ల ద్వారా కబురు అందాలి. దాన్ని మందు ఆపితే మెలటోనిన్ తగ్గుతుంది. అటెనొలాల్ లేదా మెటోప్రొలాల్ వాడుతున్న 16 మంది బీపీ రోగుల మీద చేసి 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మూడు వారాల పాటు రోజూ 2.5 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇస్తే నిద్ర సగటున 36 నిమిషాలు పెరిగింది. 16 మంది చాలా చిన్న సంఖ్య, అయినా తీగ ఎక్కడుందో చూపించింది.

డిప్రెషన్ విషయంలో పాత అభిప్రాయం నిలబడలేదు. బీటా బ్లాకర్లు మనిషిని కుంగదీస్తాయని దశాబ్దాల పాటు అనుకున్నారు. 2021లో 50 వేలమందికి పైగా రోగుల వివరాలు ఉన్న ట్రయల్స్‌ని (రోగుల మీద చేసిన ప్రయోగాలని) కలిపి చూస్తే డిప్రెషన్ ఖాళీ మాత్ర (మందు లేని మాత్ర) వేసుకున్నవాళ్ళ కంటే ఎక్కువగా కనిపించలేదు, నిద్ర ఇబ్బందులు, వింత కలలు మాత్రం కనిపించాయి. అయితే ఒక ఆలోచన వదలదు. సరిగ్గా నిద్రలేక, ఒళ్ళు బరువెక్కి, మునుపటి హుషారు లేక తిరిగే మనిషికి దాన్ని డిప్రెషన్ అనకపోతే ఇంకేమనాలో తెలియకపోవచ్చు.

చదివితే వచ్చే సైడ్ ఎఫెక్ట్, దాని మీద గొడవ

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. ఇటలీలో చేసి 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొత్తగా గుండె సంబంధిత జబ్బు బయటపడిన, అప్పటిదాకా అంగస్తంభన సమస్య లేని 96 మంది మగవాళ్ళకి అటెనొలాల్ ఇచ్చారు. మూడు గుంపులు. ఏ మందో తెలియని గుంపులో ఆ సమస్య చెప్పినవాళ్ళు సుమారు 3 శాతం. మందు పేరు తెలిసి, దాని ఇబ్బంది గురించి చెప్పని గుంపులో 16 శాతం దాకా. మందు పేరుతో పాటు "ఇలా జరగొచ్చు" అని కూడా చెప్పిన గుంపులో 31 శాతం. మాత్ర ఒకటే. ఆ తర్వాత సమస్య చెప్పినవాళ్ళకి అంగస్తంభన మందు సిల్డెనాఫిల్ కొన్నాళ్ళు, ఖాళీ మాత్ర కొన్నాళ్ళు ఇస్తే రెండూ దాదాపు ఒకేలా పని చేశాయి.

నీరసం మీద కూడా ఇలాంటి లెక్క ఒకటుంది. 2002లో 15 ట్రయల్స్, 35 వేలకి పైగా రోగుల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం, ఏడాదికి వెయ్యి మందిలో 18 మందికి మాత్రమే మందు వల్ల అదనంగా నీరసం వచ్చింది. ఇంకోలా చెప్పాలంటే 57 మంది ఒక ఏడాది వేసుకుంటే, ఖాళీ మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే అదనంగా ఒక్కరు. నీరసం అన్నవాళ్ళు ఒక్కరే అని కాదు, ఖాళీ మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ బోలెడంత మంది నీరసం అన్నారు.

దీన్ని చూపించి "అంతా మీ మనసులోనే ఉంది" అనే డాక్టర్లూ ఉన్నారు. అలా అనడం లెక్కని తప్పుగా చదవడమే. మొదటిది, సగటు అనేది ఒక్క మనిషి గురించి ఏమీ తేల్చదు, ఎంజైమ్ తక్కువున్న ఆ పారొక్సెటిన్ మనిషి సగటులో ఎక్కడో మునిగిపోతాడు. రెండోది, కొన్ని ట్రయల్స్‌లో మందు పడనివాళ్ళని మొదటి దశలోనే పక్కన పెట్టి, తట్టుకున్నవాళ్ళతోనే అసలు లెక్క మొదలుపెట్టారు. మూడోది, భయం వల్ల వచ్చిన నీరసమైనా ఒంట్లో వచ్చేది నిజమైన నీరసమే. ఇటు రోగుల వైపు నుంచి చూస్తే, మాత్ర మొదలుపెట్టిన వారంలో జరిగిన ప్రతిదానికీ మాత్రనే దోషిని చేయడం కూడా అంతే తొందరపాటు. గుండె జబ్బు అని తెలిసిన వారంలో ఏ మనిషి హుషారుగా ఉంటాడు? నా మటుకు నాకు ఈ రెండు వాదాల్లోనూ నిజముంది అనిపిస్తుంది, కానీ "మనసులోనే ఉంది" అన్న మాట మాత్రం ఎవరికీ ఏ ఉపకారమూ చేయదు.

బాగుపడే ముందు దిగజారినట్టు ఉండే గుండె వైఫల్యం

చాలాకాలం గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి బీటా బ్లాకర్ ఇవ్వడం తప్పు అనుకునేవారు, బలం లేని గుండెని ఇంకా నెమ్మది చేస్తే ఎలా అని. 1970ల్లో స్వీడన్ వైద్యులు ధైర్యం చేసి కొద్దిమందికి ఇచ్చి చూశారు. 1990ల చివరికి వచ్చేసరికి బైసొప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్, కార్వెడిలాల్‌తో చేసిన పెద్ద ట్రయల్స్ ఆయుష్షు పెరుగుతుందని స్పష్టంగా చూపించాయి. నిరంతరం అడ్రినలిన్ కొరడా దెబ్బలు తింటున్న గుండెకి ఆ దెబ్బలు ఆగితే, నెలల మీద కండరం కోలుకుంటుంది.

చిక్కల్లా ఆ 'నెలల మీద' అన్న మాటలో ఉంది. కొరడా ఆగగానే మొదట వేగం తగ్గుతుంది, కోలుకోవడం తర్వాత వస్తుంది. అందుకే ఇక్కడ డోసు చీమ నడకలా పెరుగుతుంది. బైసొప్రొలాల్ అయితే 1.25 మిల్లీగ్రాములతో మొదలై 10 దాకా, కార్వెడిలాల్ అయితే 3.125 రోజుకి రెండుసార్లతో మొదలై, కనీసం రెండేసి వారాలు ఆగుతూ, రెట్టింపు చేస్తూ, మామూలుగా 25 దాకా. 3.125 నుంచి 25కి చేరాలంటే మూడు మెట్లు, 6.25, 12.5, 25. ఏ అడ్డంకీ లేకపోయినా ఆరు వారాలు.

ఈ రోగుల్లో కొంచెం నీరసం పెరగడం ఎదురుచూసేదే. కానీ రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం, కాళ్ళు వాయడం, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం ఒంట్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. వాటికి "అలవాటైపోతుంది" అన్న మాట వర్తించదు, డాక్టర్‌కి ఆ రోజే తెలియాలి.

సర్దుబాటు ఖాతాలో పడనివి

స్పృహ తప్పి పడిపోవడం. పిల్లికూతలు, కొత్తగా వచ్చిన ఆయాసం, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్ళలో. పల్స్ 50 లోపు ఉంటూ, దాంతో పాటు తూలడం, మగతగా ఉండడం, ఛాతీలో నొప్పి. ఇవి వారాల తరబడి వేచి చూసే విషయాలు కావు. ఏ ఇబ్బందీ లేకుండా నిద్రలో వాచీ 50 లోపు చూపిస్తే అది వేరు. నిద్రలో ఎవరికైనా వేగం తగ్గుతుంది, మందు మీద ఇంకాస్త తగ్గుతుంది.

షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇంకో ముడి ఉంది. షుగర్ పడిపోతున్నప్పుడు గుండె దడ, చేతుల వణుకు హెచ్చరికగా వస్తాయి. ఆ రెండూ అడ్రినలిన్ పనులే కాబట్టి బీటా బ్లాకర్ వాటిని మూసేస్తుంది. చెమట పట్టడం మాత్రం వేరే దారిలో వచ్చేది, అది మిగిలి ఉంటుంది. కారణం లేకుండా చెమట పడితే గ్లూకోమీటర్ తీసే అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

ఉన్నట్టుండి ఆపితే ఏమవుతుంది, అసలు ఎన్నాళ్ళు వాడాలన్న కొత్త చర్చ

రిసెప్టర్లని మందు వారాల తరబడి ఆపి ఉంచితే కణాలు ఊరుకోవు, ఇంకొన్ని రిసెప్టర్లని తయారు చేసుకుంటాయి. ఇప్పుడు మాత్ర ఒక్కసారిగా మానేస్తే, పెరిగిన సీట్లన్నీ ఖాళీ, అడ్రినలిన్ అంతా ఒక్కసారిగా వచ్చి కూర్చుంటుంది. ఫలితంగా దడ, బీపీ ఎగబాకడం, ముందే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళలో ఛాతీనొప్పి, గుండెపోటు దాకా. అందుకే ఆపాల్సి వచ్చినా వారం రెండు వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. ఇబ్బందిగా ఉందని మూడు రోజులు మానేసి, నాలుగో రోజు దడ వచ్చి "చూశారా, నా జబ్బు ఎంత ముదిరిందో" అనుకునేవాళ్ళు చూస్తున్నది చాలాసార్లు ఈ వెనక్కొట్టుడునే.

వార్తల్లో నలుగుతున్న ప్రశ్న మాత్రం వేరు. గుండెపోటు వచ్చి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచాక గుండె పంపింగ్ (నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి బయటికి తోసే శాతం) మామూలుగానే ఉన్నవాళ్ళకి అసలు ఈ మందు అవసరమా అని. దశాబ్దాల క్రితం నాటి ట్రయల్స్ అవసరమే అన్నాయి, కానీ అప్పట్లో స్టెంట్లు లేవు. 2024లో వచ్చిన రెడ్యూస్-ఏఎంఐ ట్రయల్‌లో పంపింగ్ 50 శాతం లేదా అంతకు మించి ఉన్న 5,020 మందిలో లాభం కనిపించలేదు. 2025లో స్పెయిన్, ఇటలీల్లో 8,505 మందితో చేసిన రీబూట్ ట్రయల్ కూడా 40 శాతం పైన పంపింగ్ ఉన్నవాళ్ళలో లాభం లేదంది. అదే ఏడాది డెన్మార్క్, నార్వే ట్రయల్స్ కలిపి చూస్తే కొద్దిపాటి లాభం కనిపించింది. పంపింగ్ 40 నుంచి 49 శాతం మధ్య ఉన్నవాళ్ళని విడిగా తీసి చూసిన విశ్లేషణలో కూడా లాభం ఉంది. ఈ చర్చ గుండెపోటు తర్వాత వాడేవాళ్ళ గురించి మాత్రమే. గుండె వైఫల్యానికో, దడకో వాడేవాళ్ళు హెడ్డింగ్ చదివి మాత్ర మానేస్తే అది వాళ్ళకి సంబంధం లేని తీర్పు మీద చర్య తీసుకున్నట్టు.

ఈ వరసలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఫ్రాన్స్‌లో చేసి 2024లో ప్రచురించిన అబిస్ ట్రయల్. ఎప్పుడో గుండెపోటు వచ్చి, ప్రస్తుతం స్థిరంగా ఉన్న దాదాపు 3,700 మందిలో సగం మంది చేత మందు మాన్పించారు. మానేసినవాళ్ళలో గుండె సంబంధిత కారణాలతో ఆస్పత్రిలో చేరడం కాస్త పెరిగింది, మానడం వాడినంత క్షేమం అని తేలలేదు. ఇంకో అంకె కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి వేసుకున్న మాత్ర ఆగిపోయాక వాళ్ళ జీవన నాణ్యత పెరగాలి కదా, నీరసం పోవాలి కదా. ప్రశ్నపత్రాల్లో ఆ తేడా కనిపించలేదు. మందు పడనివాళ్ళు అప్పటికే ఎప్పుడో మానేసి ఉంటారు, మిగిలినవాళ్ళు పడినవాళ్ళే అని దీన్ని ఒకలా చదవొచ్చు. మొదటి నెలలో అంత బాధపెట్టింది తర్వాత నిజంగానే కరిగిపోతుంది అని ఇంకోలానూ చదవొచ్చు. నాన్న ఇప్పుడు ఐదో నెలలో ఉన్నారు. ఆఖరి మెట్టు దగ్గర ఆగడం మానేశారు, వాచీ మాత్రం 90 దాటడం లేదు.